పక్షి తల ఎత్తినప్పుడు

గత సంచికలో వర్షాకాలపు మసక వెలుతురులో ఫొటోలు తీయడం గురించి ముచ్చటించాము. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాలలో ఒకటి మమ్ములను కొంత ఇరకాటంలో పడవేసింది. వ్రాసినది మన టౌన్‌షిప్‌లో తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. "అంకుల్, నాన్నగారు ఈ ఏడాది కెమెరా కొంటామన్నారు. శీతాకాలంలో మన రిజర్వాయరులో బాతులు దిగుతాయి కదా, వాటి ఫొటోలు తీయాలని నా కోరిక. పక్షికి ఎంత దగ్గరగా వెళితే ఫొటో బాగా వస్తుంది? క్యాంటీను వరండాలో ఉన్న మీ బాతుల ఫొటో ఎంత దగ్గరనుండి తీశారు?" అని అడిగింది.

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. అది లెక్క. రెండవదానికి జవాబు వ్రాయడానికి మాకు మూడు వారాలు పట్టింది.

లెక్క ముందు చెప్పుకుందాము. కటకం యొక్క నాభ్యంతరాన్ని పక్షి పొడవుతో గుణించి, పక్షికి మనకు గల దూరంతో భాగిస్తే, లోపల సెన్సారుమీద పడే బింబం కొలత వస్తుంది. నల్లతోక గాడ్‌విట్ అనే వలస పక్షి ఉన్నది. పొడవైన కాళ్ళు, అంతకన్న పొడవనిపించే ముక్కు. ముక్కుతో కలిపి సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది. 20 మీటర్ల దూరంనుండి 500 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే దాని బింబం 10 మిల్లీమీటర్లు పడుతుంది. సెన్సారు వెడల్పు 36 మిల్లీమీటర్లు అనుకుంటే అది చిత్రంలో నాలుగవ వంతుకు కొంచెం పైన. పక్షికి చుట్టూ నీరు, గడ్డి, కాస్త ఆకాశం కూడ కావాలి కనుక ఇది చాలును. 300 మిల్లీమీటర్ల కటకమే ఉంటే అదే బింబానికి 12 మీటర్ల వరకు పోవలసి వస్తుంది. చిన్న సెన్సారుగల చౌక కెమెరాలలో వెడల్పు దాదాపు 24 మిల్లీమీటర్లే కనుక అందులో 300 కటకంతో 20 మీటర్లనుండి తీసినా పక్షి చిత్రంలో నాలుగవ వంతు వస్తుంది. కాబట్టి అమ్మా, నాన్నగారిచేత లక్షలు ఖర్చు పెట్టించవద్దు. చిన్న సెన్సారు కెమెరా, 70 నుండి 300 వరకు జరిగే కటకం నీకు ప్రస్తుతానికి చాలు.

ఇక ఆ రెండవ ప్రశ్న. వరండాలోని ఫొటో 1996 జనవరిలో చిలికా సరస్సులో తీసినది. అప్పటికి మేము ఉద్యోగంలో చేరి ఆరేళ్ళు. చేతితో త్రిప్పుకునే ఫిల్ము కెమెరా, అరువు తెచ్చుకున్న 300 కటకం, మూడు రోళ్ళు, అంటే మొత్తం 108 ఫొటోలు. నలుగురు మిత్రులం కలిసి బాలుగావ్ స్టేషనులో దిగి, ఇంజను పడవ ఒకటి మాట్లాడుకుని నలబణ వైపు బయలుదేరాము. అది సరస్సు నడుమనున్న అభయారణ్యం. నల అనే రెల్లుజాతి గడ్డి పెరిగే చోటు కనుక ఆ పేరు. వానాకాలంలో మునిగిపోయి, శీతాకాలంలో తేలుతుంది. దాని సరిహద్దు చేరకముందే వేల సంఖ్యలో సూదితోక బాతులు నీటిమీద తివాచీ పరచినట్లు కనిపించాయి. మా వద్దనున్న కటకానికి అవి ఆవగింజలు. దగ్గరకు పోనిమ్మన్నాము, పోనిచ్చాడు. అయినా చాలలేదు. కూర్చున్న బాతులలో చూడడానికి ఏమున్నది, ఎగిరితే కదా అందం అని ఒకరు అన్నారు. అన్నది మేమే. ఇంజను ఒక్కసారి పెంచి, ఖాళీ కిరసనాయిలు డబ్బా వాయించమని పడవవానికి చెప్పాము. అతడు తటపటాయించాడు. ఇరవై రూపాయలు ఎక్కువ ఇస్తామన్నాము.

ఆకాశం కప్పివేసినట్లు లేచాయి. ఆ రెక్కల చప్పుడు రైలు వంతెనమీద పోతున్నట్లుండినది. ఒక నిమిషంలో రోలు అయిపోయినది. అందులో ఒకటి ఆ యేడు మన సంస్థ వార్షికోత్సవపు ఫొటో పోటీలో మొదటి బహుమతి పొందింది. బహుమతి స్టీలు టిఫిను క్యారియరు, మా ఇంట ఇప్పటికీ వాడుకలోనే ఉన్నది. చిత్రానికి మేము పెట్టిన పేరు 'స్వేచ్ఛ'. ఈ పేరు తలచుకుంటే ఈనాడు నవ్వు రాదు, మరొకటి వస్తుంది.

చాలా ఏళ్ళ పిదప 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని వేరొక పనిమీద చదువవలసి వచ్చింది. అందులో 'వేట' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం, ఎర చూపడం వీటితోపాటు తరమడం కూడ ఉన్నది. మేము డబ్బా వాయించినది సరిగ్గా ఆ మాట క్రిందికి వస్తుందా రాదా అన్నది న్యాయవాదులు తేల్చుకోవలసిన విషయం. మేము మాత్రం ఆ పుట దగ్గర చాలాసేపు ఆగిపోయాము.

అప్పటి చిలికా పరిస్థితి కూడ చెప్పాలి. సముద్రంలోనికి నీరు పోయే దారి పొడవై, ఇసుక మేటలు వేసి, ఉప్పునీరు లోనికి రావడం తగ్గిపోయింది. కలుపు, గుర్రపుడెక్క పెరిగాయి. చేపలు తగ్గాయి. 1981లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గలదిగా గుర్తింపబడిన ఈ సరస్సు, 1993 నాటికి ప్రమాదంలో ఉన్న తడినేలల జాబితాలోనికి చేరింది. ఇంజనీర్లకు ఆసక్తి కలిగించే కథ తరువాత జరిగింది. పూణేలోని కేంద్ర జల విద్యుత్ పరిశోధనా కేంద్రంవారు నమూనాలు కట్టి పరిశీలించిన మీదట, 2000 సెప్టెంబరులో సిపకుదా వద్ద ఇసుక దిబ్బను కోసి క్రొత్త ముఖద్వారం తెరిచారు. నీరు పోవలసిన దూరం 18 కిలోమీటర్ల మేర తగ్గింది. ఆటుపోట్లు మళ్ళీ లోనికి వచ్చాయి, కలుపు వెనుకకు తగ్గింది, చేపల రాబడి కొద్ది ఏళ్ళలోనే పలు రెట్లు పెరిగింది. 2002లో ఆ జాబితానుండి చిలికా పేరు తొలగించారు. ఒక కాలువ త్రవ్వి ఇంత ఫలితం సాధించిన సందర్భాలు మన వృత్తిలో తరచుగా దొరకవు. ఇటీవలి సంవత్సరాలలో ప్రతి జనవరిలో జరిగే లెక్కింపులో చిలికా పక్షులు పది లక్షలు దాటుతున్నాయి.

2024 జనవరిలో మా శ్రీమతితో కలిసి మళ్ళీ చిలికాకు పోయాము. ఈసారి నలబణ కాదు, సరస్సు ఉత్తరపు అంచునున్న మంగళాజోడి. జాతీయ రహదారిమీద టాంగి అనే ఊరు వస్తుంది, అక్కడనుండి సరస్సు వైపు తిరిగితే ఈ గ్రామం. ఇది ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపొందిన ఊరు. నాటు తుపాకులు, విషం కలిపిన ఎర, వలలు. శీతాకాలమంతా అదే జీవనం. 2000 ప్రాంతంలో 'వైల్డ్ ఒరిస్సా' సంస్థకు చెందిన నందకిశోర్ భుజబల్ ఆ వేటగాండ్రతోనే మాట్లాడి, వారిచేతనే వేట మాన్పించే పని చేపట్టారు. శ్రీ శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడినది. వేటాడినవారే కాపలాదారులైనారు, తదుపరి పడవలు నడిపి పక్షులను చూపించేవారైనారు. పక్షి ఎక్కడ మేస్తుంది, ఎప్పుడు లేస్తుంది అన్న సంగతి వారికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. ఈ మాట సాలిం అలీగారి పుస్తకాన్ని సంచిలో వేసుకుని తిరిగే మేమే అంటున్నాము.

తెల్లవారుజామున ఆరు గంటలకు పడవ ఎక్కాము. అక్కడ ఇంజను పడవలు లేవు, గెడవేసి నడుపుతారు. మా పడవవానికి అరవై దగ్గరలో ఉంటాయి. మేము వచ్చీరాని ఒడియాలో "భాయినా" అని పిలిచాము, అతడు మమ్ములను "బాబూ" అన్నాడు. రెల్లు నడుమ ఇరుకు కాలువ, లోతు నడుముదాకా కూడ ఉండదు. మంచు ఇంకా విడలేదు. నీలికోళ్ళు తామరాకుల మీద పెద్దమనుషులవలె నడుస్తున్నాయి. ఒక ఒడ్డున చక్రవాకాల జంట నిలిచియున్నది. మన కవులు రాత్రివేళ విడదీసి ఇన్ని శతాబ్దాలు ఏడిపించినది ఈ నారింజ రంగు బాతునే. మేము చూసినప్పుడు మాత్రం రెండూ పక్కపక్కనే నిద్రపోతున్నాయి.

మలుపు తిరిగేసరికి గాడ్‌విట్‌ల గుంపు. మూడు నాలుగు వందలుండవచ్చు. మోకాలిలోతు నీటిలో తలలు ముంచి, బురదలోనికి ముక్కులు దించి, కుట్టుమిషను సూదివలె పైకి క్రిందికి ఆడిస్తున్నాయి. దూరం నలభై మీటర్లు. పడవవాడు గెడ ఆపివేశాడు. ఇంకా ముందుకు అని మేము చేయి ఊపాము. అతడు తల అడ్డంగా ఊపి, వేలితో గుంపు అంచును చూపించాడు. అక్కడ ఒక పక్షి మేత ఆపి తల ఎత్తి నిలబడింది. నీటి బొట్టు దాని ముక్కు చివరనుండి జారడం మా కటకంలో కనిపించింది.

"ఒకటి తల ఎత్తితే ఆగాలి బాబూ. మూడు ఎత్తితే వెనుకకు పోవాలి. మెడలు అన్నీ ఒకేసారి లేచాయంటే ఇక మన చేతిలో ఏమీ లేదు" అన్నాడు మెల్లగా.

రెండు మూడు నిమిషాలకు ఆ పక్షి మళ్ళీ తల దించింది. అప్పుడు గెడ ఒక్కసారి మోపాడు. పడవ తనంతట తాను జారి, ఆగింది. మళ్ళీ నిరీక్షణ. ఈ విధంగా నలభై మీటర్లు ఇరవై కావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో మేము తీసిన ఫొటోలు తక్కువ, చూసినది ఎక్కువ.

ఎగిరితే నష్టమేమి, మళ్ళీ వచ్చి వాలుతుంది కదా అని కొందరు మిత్రులు అంటారు. మన ఎలక్ట్రికల్ విభాగంవారికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. ఇండక్షన్ మోటారును నేరుగా స్టార్టు చేస్తే పూర్తి లోడు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. అందుకే గంటకు ఇన్నిసార్లకు మించి స్టార్టు చేయరాదని తయారీదారు పలకమీద వ్రాస్తాడు. పక్షికి కూడ ఎగరడం ఖర్చు, అందులో నీటినుండి పైకి లేవడం మరీ ఖర్చు. విశ్రాంతిగా ఉన్నప్పటికన్న పలు రెట్ల శక్తి అందులో పోతుంది. ఈ గాడ్‌విట్‌లు ఉత్తరాసియానుండి వచ్చినవి. మార్చిలోగా తిరుగు ప్రయాణానికి సరిపడా కొవ్వు కూడబెట్టుకోవాలి. పగలు మేసే గంటలు లెక్కలోనే ఉంటాయి. మనవంటి పడవలు రోజుకు పది వచ్చి పదిసార్లు లేపితే, ఆ ఖాతాలో జమ తగ్గి ఖర్చు మిగులుతుంది. పలకమీద వ్రాసి ఉండదు, అంతే తేడా.

ఇంతకీ ఎగిరే చిత్రం మీద మాకు మోజు పోలేదని ఒప్పుకోవాలి. గాడ్‌విట్ కూర్చున్నప్పుడు మట్టిరంగు. రెక్క విప్పితేనే తెల్లని పట్టీ, నల్లని తోక కనిపిస్తాయి. ఎవరికైనా చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. తొమ్మిది కావస్తున్నది. నీటిమీద ఎండ వేడెక్కి దూరపు దృశ్యాలు కటకంలో వణకడం మొదలైనది. శ్రీమతి పులిహోర పొట్లం విప్పింది. మేము చేయి కడుగుకొనడానికి వంగినప్పుడు పడవవాడు "బాబూ" అన్నాడు. రెల్లు పైనుండి మార్ష్ హారియర్ ఒకటి, గద్దజాతి పక్షి, తేలుతూ వస్తున్నది. క్షణంలో మెడలన్నీ లేచాయి. గుంపు మొత్తం ఒక్కసారి లేచి, గాలిలో మలుపు తిరిగి, నేరుగా మా మీదుగా వచ్చింది. నల్లతోకలు, తెల్లపట్టీలు, వేలాడే కాళ్ళు, మా తలల మీద గాలి. కెమెరా అందుకుని పద్నాలుగు ఫొటోలు తీశాము.

పద్నాలుగూ చెడిపోయినవి. కూర్చున్న పక్షులకని షట్టరు వేగం సెకనులో 320వ వంతు వద్ద ఉంచి, మార్చడం మరిచాము. ఎగిరే పక్షికి 2000వ వంతు కావాలి. ఈ శీర్షికలోనే రెండుసార్లు ఆ సంగతి వ్రాసియున్నాము.

హారియర్ దాటిపోయినది, పక్షులు ఐదు నిమిషాలలో అదే చోట వాలినవి. పడవవానికి మా చెడిన ఫొటోలు చూపితే నవ్వాడు. అప్పుడు మేము అడుగ జంకుతున్న ప్రశ్నను శ్రీమతి అడిగివేసింది. "మీరూ వేటాడేవారా?" దాచలేదు. పద్దెనిమిదో ఏటనుండి అదే పని అన్నాడు. తుపాకికి ముప్పై గజాల లోపు రావాలట. అంతవరకు ఒక్క తలకూడ లేవకుండ రావడం తండ్రి నేర్పాడట. ఇప్పుడు కెమెరాలవారికి కావలసినదీ అంతే దూరం అని, "విద్య అదే బాబూ" అన్నాడు.

చరవాణిలో ఉన్న 'స్వేచ్ఛ' చిత్రాన్ని అతనికి చూపించాము. ఎందుకు చూపామో తెలియదు, బహుశా మెప్పుకోసమే. కాసేపు చూసి, "ఇంజను పడవనుండి తీశారు" అన్నాడు. ఎట్లా తెలిసింది అన్నాము. తెరమీద వేలు పెట్టి ఒక్కొక్క బాతునే చూపించాడు. తోక, తోక, తోక. ఇన్ని వందల పక్షులలో ఒక్కదాని ముఖమూ కనిపించదు. అన్నీ మానుండి పారిపోతున్నాయి. దాదాపు మూడు దశాబ్దాలుగా ఆ చిత్రాన్ని రోజుకు రెండుసార్లు, టీకి పోతూ వస్తూ, చూసిన మాకు అది కనిపించలేదు. న్యాయనిర్ణేతలకూ కనిపించలేదు, వారిని అనడం ఎందుకు.

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు ఇది. ఆ ఫొటో సుమారు అరవై మీటర్లనుండి తీసినది, అదీ దగ్గరే. ఎంత దగ్గరకు పోవాలో కటకం లెక్క కొంత చెబుతుంది, మిగిలినది గుంపు అంచునున్న పక్షి చెబుతుంది. దానినే చూస్తూ ఉండు.

రిజర్వాయరు సంగతి. ఉదయం ఏడు లోపల పో, సూర్యుడు నీ వెనుక ఉండేట్లు తూర్పు గట్టున కూర్చో. నిలబడవద్దు. నిలబడిన మనిషి ఆకారాన్ని పక్షి వెంటనే పోల్చుకుంటుంది, కూర్చున్నవాడు అంతగా బెదిరించడు. కెమెరాను వీలైనంత క్రిందికి, నీటి మట్టానికి దగ్గరగా పట్టుకుంటే పక్షి కన్ను నీ కన్నుకు సమానంగా వస్తుంది. ట్రైపాడ్ లేకపోతే చిన్న సంచిలో బియ్యం పోసి గట్టుమీద పెట్టి దానిపై కటకం ఆనించు. షట్టరు 500వ వంతుకు తగ్గనీయకు. మీటరు దేనినైనా బూడిదరంగుగా చూపాలని చూస్తుంది. తెల్లకొంగ చిత్రం నిండా ఉంటే ఒక స్టాపు పెంచు, నల్లటి నీటిలో చిన్నదిగా ఉంటే ఒక స్టాపు తగ్గించు. లేకుంటే మొదటిది మురికిగాను, రెండవది వెలిసిపోయినట్లుగాను వస్తుంది. గూళ్ళ జోలికి పోకు. చాలా పోటీలలో గూటి చిత్రాలను ఈనాడు స్వీకరించరు, అది మంచి నియమం. చప్పట్లు కొట్టే స్నేహితులను వెంట తీసుకుపోకు.

క్యాంటీను వరండాలో మా చిత్రాన్ని తీసివేయవలసిందిగా కమిటీవారికి చీటీ వ్రాశాము. ఆ మేకుకు మంగళాజోడి గాడ్‌విట్ ఒకటి, తల ముంచి మేస్తున్నది, తగిలిస్తామని అన్నారు కాని, పక్షి తల కనిపించని ఫొటో ఏమిటని ఒక సభ్యుడు అభ్యంతరం తెలిపినట్లు భోగట్టా. చర్చ సాగుతున్నది. రిజర్వాయరు గట్టుమీదికి పోవడానికి భద్రతా విభాగంవారి అనుమతి అవసరం. దరఖాస్తు మీద నాన్నగారి సంతకం, ఆయన ఉద్యోగ సంఖ్య ఉండాలి. నవంబరు మొదటివారంలోనే పెట్టుకుంటే బాతులు వచ్చేనాటికి చేతికి వస్తుంది.